వేగులవాడి వంతు

దేశాన్నేలే జనరల్ గారు పంపిన వేగులవాడు మీ ప్రార్థనలో వచ్చి కూర్చుంటే మీరేం చేస్తారయ్యా? మా ఎల్ సాల్వడార్ దేశపు కొండల్లో మేమైతే జరిగి చోటిచ్చాం. వాడు తొడుక్కున్నది కూలివాడి చొక్కా, కాళ్లకేమో నిగనిగలాడే సైన్యం బూట్లు.

"ఏం నాయనా, ఆ బూట్లతోనే కాఫీ పళ్లు కోస్తావా?" అంది నికొలాసా అవ్వ. అందరూ ముసిముసిగా నవ్వారు. కాఫీ కూలీల సంఘం నడిపే ఆమె కొడుకు ఫిదెన్సియో కోసమే వాడొచ్చాడని మాకు తెలుసు. ఫిదెన్సియో ఆమె ఇంటి అటక మీదే దాక్కున్నాడనీ తెలుసు.

నేను బైబిల్లోంచి నిర్గమకాండం చదివాను. హెబ్రీయుల మగబిడ్డల్ని పుట్టగానే చంపమని మంత్రసానులకు ఈజిప్టు రాజు ఫరో ఆజ్ఞ. మంత్రసానులు దేవుడికే భయపడి, బిడ్డల్ని బతకనిచ్చి, రాజు ముందు బొంకారు. ఫరో ఏ దేశంలోనైనా ఫరోనే, టోపీ మారుతుందంతే.

మా దగ్గరొక పద్ధతుంది. వాక్యం విన్న ప్రతివాళ్లూ అది తమకేం చెప్పిందో వంతులవారీగా చెప్పాలి. వాడి వంతు వచ్చింది.

"నాకు చదువు రాదండీ," అని నసిగాడు.

"మంత్రసానులకు మాత్రం వచ్చా? కానియ్ నాయనా," అంది అవ్వ.

వాడు ఆమె వైపు తిరిగాడు.

"ఆ మంత్రసానులే ఇక్కడుంటే ఇలా అంటారండీ. 'అవ్వా, సాయంత్రానికి సైన్యం ట్రక్కు వస్తుంది. ముందు అటకే వెతుకుతారు. ఆమెన్ దాకా ఆగకు. ఇప్పుడే లేచి వెళ్లి నీ కొడుకును ఏరు దాటించు.'"