మళ్ళీ చెప్పండి

"క్షమించండి. మీ మాట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

పొద్దుటి నుంచీ ఫోన్‌లో ఆ తీయని ఆడగొంతు ఇదే పాట పాడుతోంది.

వినోద్ కుమార్ తల పట్టుకున్నాడు. ఆ గొంతు మనిషిది కాదు. అతను తయారుచేసిన మిషన్‌ది.

ఇంజనీరింగ్ అయ్యాక బెంగళూరు ఉద్యోగం వద్దనుకుని, ప్రొద్దుటూరులో గది తీసుకుని, దాన్నే బిడ్డలా సాకుతున్నాడు. రైతు ఫోన్ చేసి తన గేదెకు, అక్కడి మాటలో ఎనుముకు, ఏమైందో చెప్తే చాలు. మిషన్ ఆ మాట అర్థం చేసుకుని పశువుల డాక్టరుకు కబురు పంపాలి.

పులివెందులలో ఒక పాలడెయిరీ వాళ్ళు చూస్తామన్నారు. అంతలోపు పరీక్షించుకుందామని తొండూరు చుట్టుపక్కల పల్లెల్లో గోడలకు నంబరు అంటించి వచ్చాడు.

ఫోన్లయితే వచ్చాయి. మిషన్‌కే ఒక్క ముక్కా ఎక్కలేదు. దానికి అతను నేర్పింది పుస్తకాల తెలుగు. పల్లెల్లో ఆ తెలుగు మాట్లాడే ఎనుముల రైతు ఎక్కడున్నాడు?

రెండుసార్లు "మళ్ళీ చెప్పండి" అనేసరికి రైతులు నాలుగు బూతులు తిట్టి పెట్టేసేవాళ్ళు.

జమ్మలమడుగు నుంచి నాన్న ప్రకాశం సారు ఒకటే పోరు.

"డెయిరీవాళ్ళు వద్దంటే బ్యాంకు పరీక్షలకు కూర్చో. నీ బొమ్మలాట చాల్ ఇంక."

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఎవరో ముసలామె తగులుకుంది. దినమూ సందకాడ ఫోన్. వినోద్ ఆ రికార్డులు వింటే ఒళ్ళు మండిపోయేది.

"పాపా, తిన్యావా?"

"క్షమించండి. మీ మాట అర్థం కాలేదు."

"సరేలే, ఇను. ఎనుము మేత ముట్టలేదు. ఇంగోమాదిరి జెప్తా. ఎనుము గడ్డి తిన్లేదు. రెండూ ఒకటే. తెలిసెనా?"

"క్షమించండి. మళ్ళీ చెప్పండి."

"తొందరేం లేదు. మళ్ల జెప్తా, ఇను."

ఒకరోజు ఎనుము ఈనలేక తిప్పలు పడుతోందని. మరోరోజు పొదుగు వాచిందని. ఒకే సంగతి నాలుగు రకాలుగా, మెల్లగా, నొక్కి నొక్కి. మిషన్‌ను వెక్కిరిస్తోందని వినోద్‌కు ఖాయమైపోయింది.

ఒక సాయంత్రం ఉండబట్టలేక తనే లైన్‌లోకి వచ్చాడు.

"అమ్మా, ఎనుముకు ఏమైంది?"

"మాకు ఎనుము యాడిది నాయనా? శానా ఏండ్ల కిందనే అమ్మేస్తిమి."

అంతే. కోపంలో అతనికీ ఊరి మాటే వచ్చింది.

"మరి దినామూ యాల ప్రాణం తీస్తాండావు? పనీపాటా లేదా? ఇంగోసారి చేస్తే బాగుండదు!"



"నువ్వెవరు నాయనా?"

"దీని ఓనర్‌ను!"

ఫోన్ మెల్లగా పెట్టేసింది. వినోద్ ఆ నంబరును బ్లాక్ చేసి హమ్మయ్య అనుకున్నాడు.

పులివెందుల వెళ్ళే ముందు, రికార్డయిన మాటలన్నీ మిషన్‌కు ఇచ్చి నేర్చుకొమ్మని వదిలేశాడు. ఆశ మాత్రం లేదు.

డెయిరీ మేనేజరు కమాల్ బాషా ఫోన్ అందుకుని గట్టిగా అన్నాడు.

"మా ఎనుము పొద్దున్నుంచి మేత ముట్టలేదు."

వినోద్ కళ్ళు మూసుకున్నాడు.

"మీ ఎనుము మేత తినలేదు. డాక్టరుకు చెప్తున్నాను. మీ ఊరి పేరు చెప్పండి."

"అరె! మన మాట ఇంటాందే!" కమాల్ బాషా నవ్వాడు. "ఇంగా శానా జబ్బులుండాయప్పా. అవీ నేర్పిచ్చుకోని రా. అప్పుడు ఖాయం చేద్దాం."

గదికి వచ్చి, మిషన్ ఇంత ఎవరి దగ్గర నేర్చుకుందా అని చూశాడు. మిగతావాళ్ళ దగ్గర బూతులు తప్ప ఏమీ లేవు. అది నేర్చుకున్నదంతా ఒకే నంబరు నుంచి.

తను బ్లాక్ చేసిన నంబరు.

ఆ నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. రికార్డుల్లో ఆమె చెప్పిన పేరూ ఊరూ గుర్తున్నాయి. మిఠాయి పొట్లం తీసుకుని తొండూరు దారి పట్టాడు.

సుబ్బలక్ష్మమ్మ గడప దగ్గర కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది.

"అవ్వా, నేను... ఆ ఫోన్..."

గొంతు గుర్తుపట్టి గబుక్కున లేచి నిలబడింది.

"ఓనరు సారువి కదా. ఆ పాప బాగుందా?"

"ఏ పాప?"

"అదే, ఫోన్ ఎత్తే పాప. నన్ను అరిస్తే అరిసినావు. దాన్ని ఏమన్లేదు కదా?"

వినోద్‌కు నవ్వు వచ్చింది.

"అది పాప కాదవ్వా. మిషన్."

"నాకే జెప్తాండావా? మాటకు ముందు క్షమించండి అంటాది. తప్పు ఒప్పుకునే మిషన్ యాడన్నా ఉంటాదా?"

అతని నవ్వు ఆగిపోయింది. ఆమెను అన్ని మాటలన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం ఇంతవరకూ అననేలేదు.

"క్షమించవ్వా. మళ్ళీ ఫోన్ చెయ్యి. నీ మాటలు కావాల."

"చెయ్యను నాయనా. నీకు మళ్ల కోపమొస్తే దాని పని పోతాది. ఆ పాపం నాకొద్దు."

ఎంత బతిమాలినా తల అడ్డంగానే ఊపింది. మిఠాయి పొట్లం తీసుకుని, "దానికియ్యి" అని తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"ఎనుము లేకపోయినా దినామూ యాల చేసినావవ్వా?"

సుబ్బలక్ష్మమ్మ ఇంట్లోకి చూసింది. లోపల ఒక అమ్మాయి తల వంచుకుని రవికె కుడుతోంది. ముసలామె గొంతు తగ్గించింది.

"మా మనమరాలు భువనేశ్వరిని హైదరాబాదులో ఫోన్లెత్తే పనిలో చేర్చుకోని, నీ మాట ఎవురికీ అర్థం కాలేదని అందరూ నగి ఇంటికి పంపించిరి నాయనా, ఈ పాపకైనా ఆ గతి పట్టగూడదని, రోంత మన మాటలు నేర్పిస్తాంటి."