వరుస తప్పిన చీమ

ముందున్న చీమ అడుగుజాడను విడువరాదన్నది నల్లచీమల తరతరాల కట్టుబాటు. ఒకనాడు బారులు తీరి గింజలు మోస్తుండగా, పక్కనే తేనెచుక్కలో ఒక పసిచీమ మునిగిపోతూ కనిపించింది. ముందువారందరూ దాటిపోయారు. నీలాంబ అనే చీమకు మాత్రం మనసొప్పలేదు. గింజను దించి పక్కకు తిరిగింది.

"కట్టుబాటు తప్పుతున్నావే, తల్లీ" అని మందలిస్తూనే వెనకనున్న ముసలిచీమ కూడా తిరిగింది. ఆమె వెనుక బారంతా తిరిగింది. నీలాంబ లాగితే అందరూ లాగారు. పసిచీమ గట్టెక్కింది.

నీలాంబ కళ్లు చెమర్చాయి. "మీకూ జాలి కలిగిందా, పెద్దమ్మా?"

"జాలి సంగతి నాకు తెలియదు. నా ముందున్నది నువ్వు. నువ్వు లాగావు, నేనూ లాగాను."

సంతోషించాలో, నొచ్చుకోవాలో తోచక నీలాంబ అయోమయంగా నిలబడిపోయింది.

ఆమె వెనుక బారంతా అంతే అయోమయంగా నిలబడిపోయింది.