అవును అన్న చోటల్లా

స్కూలు నుంచి ఫోన్ వచ్చేసరికి అతను లిఫ్టు కింది గోతిలో కూర్చుని మురికి తుడుస్తున్నాడు.

"మీ పాప విషయమండీ. ఫోన్‌లో చెప్పేది కాదు. ఒక్కసారి రాగలరా?" అంది ఆడగొంతు.

అసలే ఒంట్లో సత్తువ ఎవరో తోడేసినట్టుంటోంది ఈ మధ్య. ఎలాగో పైకెక్కి తోటి మెకానిక్‌ని బండి తాళం అడిగాడు. అందరూ బావా అని పిలిచే ఆ మనిషి పకపకా నవ్వాడు.

"పోయినవారం నీ బండి నాకు ఊరికే ఇచ్చేసి, ఇప్పుడు నన్నే అడుక్కుంటావేంట్రా? కావాలంటే నీది నువ్వు తీసేసుకో."

"వద్దులే బావా. నాకెందుకిక? సాయంత్రం తెచ్చిస్తాను."

స్కూల్లో కౌన్సెలర్ గది వరండా చివర ఉంది. రెండు కుర్చీలు, ఒక బల్ల, తిరగడానికి బద్ధకించే ఫ్యాను. ఆవిడ అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా మొదలుపెట్టింది.

"తొమ్మిదో తరగతి పిల్లలందరికీ కొన్ని ప్రశ్నలిచ్చామండీ. మార్కుల కోసం కాదు. మనసు బాగా కుంగిపోయి, ప్రాణం తీసుకోవాలనే ఆలోచన దాకా వెళ్లిన పిల్లలుంటే ముందే తెలుసుకుందామని. ఎవరి జవాబులు వాళ్లే రాయాలి. మీ పాపది చూసినప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు."

కళ్లజోడు పెట్టుకుని పాప రాసిన కాగితం చదివింది.

"రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదా? అవును. తిండి సహించడం లేదా? అవును. నేను లేకపోతే ఇంట్లోవాళ్లకి బరువు తగ్గుతుంది అనిపిస్తోందా? అవును."

అతను అడ్డంగా తల ఊపాడు.

"లేదండీ. ఎక్కడో పొరబాటు జరిగింది. అది ఒళ్లెరగకుండా నిద్రపోతుంది. తెల్లార్లూ నేను చూస్తూనే ఉంటానుగా! తిండి కూడా అంతే. నా కంచంలోది తీసి వేసినా కాదనకుండా తింటుంది."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"మేమిద్దరమే. వాళ్లమ్మ పోయి ఏడాది దాటింది."

"అమ్మ గురించి మాట్లాడుతుందా?"

"మాట్లాడబోతుందండీ. నేనే మాట మార్చేస్తాను."

ఆవిడ మళ్లీ కాగితం అందుకుంది. ఆఖరి ప్రశ్న మాత్రం గొంతు తగ్గించి చదివింది.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా? అవును."

అతను మొన్న ఆదివారమే చెల్లెలితో మాట్లాడాడు. పిల్ల మేనత్త దగ్గరుంటే ఆడదిక్కు ఉంటుంది, హాయిగా చదువుకుంటుంది అన్నాడు. చెల్లెలు సరేనంది. పిల్లకి ఏ లోటూ రాకుండా అన్నీ సర్దేస్తున్నాననుకున్నాడు. ఇంత చిన్న గుండెలో ఇంత పెద్ద చీకటి ఉందని కలలో కూడా అనుకోలేదు.

"నేను చూసుకోలేదండీ," అన్నాడు. "ఒకే కప్పు కింద ఉండి కూడా చూసుకోలేదు."

"ఇలాంటివి పైకి కనపడవండీ. నవ్వుతూనే ఉంటారు, పనులు చేసుకుంటూనే ఉంటారు. పక్కనున్నవాళ్లకి కూడా తెలీదు. కానీ ఇది తగ్గే బాధే. మంచి డాక్టరున్నారు, ఈ రోజే వెళ్దాం, నేనూ వస్తాను. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. తిట్టొద్దు, ఎందుకిలా అని నిలదీయొద్దు. చెప్పేది వినండి, చాలు."

అతను బుద్ధిగా తలూపాడు.

పాప లోపలికొచ్చింది. బ్యాగు గుండెలకి హత్తుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కౌన్సెలర్ వంక చూడనైనా చూడలేదు. కళ్లన్నీ నాన్న మీదే.

అతను ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. దగ్గరికి తీసుకుందామంటే చేతులనిండా గ్రీజు. యూనిఫాం పాడవుతుందని వెనక్కి లాక్కున్నాడు.

"చిట్టితల్లీ, ఇంత బాధ ఎన్నాళ్లనుంచి మోస్తున్నావే? నాకొక్క మాట చెప్పొచ్చు కదరా?"

పాప బ్యాగు కింద పడేసింది. ఆ మురికి చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

"పెద్దవాళ్లకి ఇలాంటి కాగితం ఎవరూ ఇవ్వరు కదా నాన్నా," అంది వెక్కుతూ, "అందుకే నాదాంట్లో నీ జవాబులు రాశాను."