నలభై ఇళ్ల పటం

"ఆ పటం ఒకసారి చూపించండి మేడం," అన్నాడు రేంజర్, ముత్తక్క ఇంటి ముందు జీపు దిగుతూనే.

దీపిక సోషియాలజీ పరిశోధకురాలు. కష్టమొస్తే ఎవరి దగ్గరికి పోతారని ఈ గూడెంలోని నలభై ఇళ్లనూ మూడేళ్లుగా అడిగి, జవాబులన్నీ ఒకే కాగితం మీద గీతలుగా గీసింది. గీతలన్నీ ముత్తక్క పేరు దగ్గరే కలిశాయి.

"మీకెందుకు సార్?"

"అడవి నరికి పోడు చేయిస్తున్నదెవరో తెలియాలె. వీళ్లు ఎవరి మాట వింటరో మీ పటంలో ఉంటది కదా. కేసు రాయాలె."

దీపిక సంచిని ఒళ్లోకి లాక్కుంది. తను ఇంతకాలం ఇంటింటికీ తిరిగి ఎవరి పని చేసిపెట్టిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఇంకా పూర్తికాలేదు సార్."

"రేపొస్త. రెడీగా ఉంచండి."

జీపు మలుపు తిరిగాక దీపిక పటం తీసి పొయ్యిలో పెట్టింది. దానికి మరో కాపీ లేదు.

"నౌకరి పోదా బిడ్డా?" అంది ముత్తక్క.

"పోవచ్చు."

మూడేళ్లుగా పోడు సంగతి ఎత్తితే చాలు, నాకేం ఎరుకలేదని లేచి వెళ్లిపోయే మనిషి, ఇప్పుడు చాప పరిచి ఆమె పక్కనే కూర్చుంది.

"మొదట్నుంచి చెప్త. విను. రాసుకోకు."