సగంలో సగం

అన్న లెక్కల పంతులు. తమ్ముడు వడ్రంగి. ఒకే ఇంట్లో వెనక గది అన్నది, ముందు కొట్టు తమ్ముడిది. మధ్యలో ఉన్న నడవా ఎవరిదో మాత్రం తండ్రి చెప్పకుండానే పోయాడు. అప్పటినుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

ఒకనాడు తమ్ముడు బండలాంటి టేకు బీరువా ఒకటి తెచ్చి నడవా మొదట్లో పెట్టాడు. కింద చక్రాలు కూడా బిగించాడు. నడవా నాది, నీ గుమ్మం దాకా తెస్తా, ఎవరడ్డమొస్తారో చూస్తా అన్నాడు.

పంతులు నవ్వాడు. ఆ నవ్వు పడితే పాలైనా విరుగుతాయి.

"ఆరో తరగతి గట్టెక్కనివాడివి, నువ్వేం తెస్తావురా?"

పందెం ఆయనే వేశాడు. రోజూ తెల్లారుతూనే, తాను గదిలోంచి రాకముందే, మిగిలిన దూరంలో సరిగ్గా సగం బీరువాను జరపాలి. అంతకు మించి వీల్లేదు. నెల తిరిగేలోగా అది తలుపుకి తగిలితే తాను గది ఖాళీ చేసి పోతాడు. తగలకపోతే తమ్ముడు కొట్టు మూసి, ఉలీ బాడిసా సర్దుకుని, పెళ్లాంతో సహా ఇల్లు విడిచి పోవాలి.

"సగంలో సగం, దాంట్లో మళ్లీ సగం. నెల కాదు, నీ మునిమనవడి కాలానికీ ఇంకా ఇంత మిగులుతుంది. దీన్ని అవధి అంటారు. దగ్గరవుతూనే ఉంటుంది, చేరదు."

"అవధో, అవస్థో," అని తమ్ముడు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "బీరువాయే తలుపుకి తగలాలా? తలుపు బీరువాకి తగిలినా సరేనా?"

పంతులు, పందేనికి సాక్షిగా పిలిపించిన మేనత్త వైపు తిరిగి, వీడి తెలివి చూశావా అన్నట్టు మొహం పెట్టాడు.

"రెండూ ఒకటేరా మొద్దూ. దూరానికి ఇటూ అటూ ఉండదు. రాసుకో అత్తా, ఏది దేనికి తగిలినా తగిలినట్టే."

మేనత్త రాసింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. కొలిచే టేపు కూడా ఆవిడ దగ్గరే ఉంచారు. ఒకడి కొలత ఇంకొకడు నమ్మడు కదా.

ఇరవై నాలుగడుగుల దూరం మొదటిరోజు పన్నెండైంది. తర్వాత ఆరు. తర్వాత మూడు. పంతులు రోజూ గదిలోంచి వచ్చి, బీరువా పక్క సందులోంచి ఒరిగి వెళ్తూ ఒక మాట విసిరేవాడు. కొట్టు బోర్డు ఎప్పుడు దింపుతున్నావని అడిగేవాడు. మరదలినైతే గిన్నెలు ముందే మూటగట్టుకోమన్నాడు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. తమ్ముడు మాత్రం నోట్లో మేకులు పెట్టుకుని తన పని తాను చేసుకునేవాడు.

నాలుగోరోజు తెల్లవారింది. చక్రాలు కిర్రుమని ఆగాయి. మేనత్త టేపు పరిచి చూసింది.

"ఎంతుందత్తా?" గదిలోంచే అడిగాడు పంతులు.

"అడుగున్నర."

"తగిలిందా?"

"ఎక్కడ! మధ్యలో పీట వేసుక్కూర్చోవచ్చు."

"విన్నావురా? ఆ అడుగున్నరలోనే నీ బతుకు తెల్లారుతుంది. ఉండు, నీ మొహం చూడాలి."

గడియ తీసి, ముప్పై ఏళ్ల కిందట లోపల తన పుస్తకాలకు చోటు చాలదని తమ్ముడితో పోట్లాడి మరీ బయటికి తెరుచుకునేలా బిగించుకున్న ఆ రెండున్నర అడుగుల తలుపును, పంతులు బలంగా ముందుకు తోశాడు.