పళ్ళెం పక్కన పాట

ప్రెబెన్‌లాంటి మొగుడితో వేగడం మెరెటెకే చెల్లింది. తాగడు, తిరగడు. కానీ కంప్యూటరు దగ్గర కీబోర్డు వదిలి మౌస్ ముట్టుకున్నవాళ్ళని మనుషుల్లో లెక్కవెయ్యడు. మౌస్‌తో పనిచేయడమంటే చెంచాతో బావి తోడటమేనని అతని సిద్ధాంతం.

ఆ మధ్యాహ్నం అతని తల్లి ఇంగెబోర్గ్ ఎనభయ్యో పుట్టినరోజు విందు. వాళ్ళ ఊరు ఓడెన్సెలో విందంటే ప్రతి పళ్ళెం పక్కనా రిబ్బన్ కట్టిన పాట ఉండాలి, అతిథులంతా లేచి పాడాలి. పాట మెరెటె రాస్తానంటే, "దానికి నవ్వడమే రాదు, పాటేం రాస్తుంది?" అని అత్తగారు ఇరవై ఏళ్ళ కిందటే తేల్చేసింది. అందుకని ప్రెబెన్ రాశాడు.

ఆ పొద్దున మెరెటె అదే బాణీలో, చెల్లెలికి పంపి నవ్వుకోవడానికి, ఇంకో పాట టైపు చేసుకుంటోంది. మెట్ల మీద మొగుడి అడుగులు వినిపించగానే మొత్తం కట్ చేసేసి, కేకు సర్దే నెపంతో వంటింట్లోకి జారుకుంది.

ప్రెబెన్ అదే కంప్యూటర్లో తన పాట తెరిచి, వంటింట్లోకి వినబడేలా మొదలుపెట్టాడు.

"విను, నేర్చుకో. కంట్రోల్ ఎ. కంట్రోల్ సి. పూల అంచు పేజీలో కంట్రోల్ వి. కంట్రోల్ పి. నలభై కాపీలు. అయిపోయింది."

తెరవైపు చూడలేదు. చూడటం నేర్చుకునేవాళ్ళ పని. 'సి' నొక్కేటప్పుడు చిటికెనవేలు కంట్రోల్ మీద కాక పైనున్న షిఫ్ట్ మీద పడిందనీ చూడలేదు. సొంత పాటే కదా అని చదవకుండానే చుట్టి రిబ్బన్లు కట్టేశాడు.

విందులో నలభైమందీ లేచి గొంతెత్తారు.

"ఆదివారం అత్తొచ్చింది, అలమర పైన వేలెట్టింది,
దుమ్మే దొరికిన రోజంటే ఆవిడ పుట్టినరోజండీ!"

మెరెటెకి మొదటి లైనుకే అర్థమైంది. కొత్తది కాపీ కాకపోయేసరికి, కంప్యూటరు తను కట్ చేసినదాన్నే అతికించింది. ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. పళ్ళెం పక్కన పెడితే మందుల చీటీనైనా చివరిదాకా పాడే జనం. రెండో చరణంలో అత్తగారు కోడలు వండిన చేపకు శవపరీక్ష చేసింది. మూడోదాంట్లో మడతపెట్టిన బట్టలన్నీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. నాలుగోదానికి అందరి గొంతులూ సన్నబడిపోయాయి. ఒక్క గొంతు మాత్రం ఖంగుమంటూ ముగించింది. అది ఇంగెబోర్గ్‌ది.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఎవర్రా రాసింది?"

ప్రెబెన్ పెళ్ళాం వైపు వేలు చూపించాడు. ఈసారి వేలు గురి తప్పలేదు.

ముసలావిడ కోడల్ని దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది.

"నీకు నవ్వడం రాదని ఇరవై ఏళ్ళు ఊరంతా చెప్పాను. తప్పు నాదేనమ్మాయ్. దుమ్ము సంగతిలో మాత్రం కాదు."