తూగే కోడికి తిరిగే కోడి

జయమ్మ ఎర్రకోడి పొద్దున్నుంచి తల వేలాడేసి తూగుతోంది.

యలహంక పాత ఊళ్ళో ఇలాంటప్పుడు ఏ ఇల్లాలైనా చేసే పని ఒకటే. చచ్చేలోగా కోసెయ్యడం. కోస్తే కూర, చస్తే మన్ను అని ఆమె అత్తగారు ఎప్పుడూ అంటుండేది. పైగా ఇంట్లో కూతురు రమ్య బాలింత. నెల నిండింది, నాటుకోడి చారు పెట్టాల్సిన రోజులు.

పక్కింటి భాగీరథమ్మ మాత్రం వద్దంది. టీవీలో పక్షి జ్వరమని ఒకటే గోలట. మహారాష్ట్రలో కోళ్ళని గోతుల్లో పూడుస్తున్నారట. దొడ్డబళ్ళాపురం దిక్కు ఎవరో పడుచు, తూగే కోడి ఈకలు పీకి శుభ్రం చేసి, జ్వరమొచ్చి పోయిందట. అది కోడి జ్వరమో కాదో డాక్టర్లే తేల్చలేదట.

"జ్వరం ఎవరికి రాదక్కా? పాపం కోడి మీద వేస్తే ఎట్లా?" అని జయమ్మ కొట్టిపారేసింది.

కత్తి నూరుతుంటే వీధి మొగలో మోపెడ్ హారను మోగింది.

"తూగే కోడికి తిరిగే కోడి! రోగం కోడి ఇయ్యండి, మంచి కోడి తీసుకోండి!"

వీధి వీధంతా బయటికొచ్చింది. పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళని చూశారు గానీ, ఇలాంటి బేరం పుట్టి బుద్ధెరిగి ఎవరూ చూడలేదు.

మోపెడ్ ముందు బుట్టలో నిగనిగలాడే నాటుకోళ్ళు. వెనక మూతి బిగించిన గోనెసంచి. మనిషి ముక్కుకి తువ్వాలు, చేతులకి ప్లాస్టిక్ కవర్లు. పేరు తిరుపాలట. ఈ రోగం మనుషులకీ అంటుకోవచ్చు, తూగే కోడిని కొయ్యొద్దు, ముట్టనే ముట్టొద్దు అని గొంతు పోయేలా చెప్తున్నాడు. ఆ మాట ఎవరికి పట్టింది? పిచ్చోడు దొరికాడని ఒకటే సంబరం. తుమ్మిన కోడి, కుంటిన కోడి, అన్నీ పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు.

ఇంటికి ఒక్కటే ఇస్తాడట. జయమ్మ బుర్ర గిర్రున తిరిగింది.

ఎర్రకోడిని వీడికెందుకియ్యాలి? దాన్ని ఎలాగూ కోసుకుంటాం. గుడ్లు మానేసిన ముసలి కోడొకటి పడుందిగా.

మొగుడు పిల్లప్ప దాచుకున్న సారాయి ప్యాకెట్టు చింపి, రాగిముద్ద అందులో నానబెట్టి ముసలికోడికి తినిపించింది. కాసేపటికే అది పెళ్ళిలో మామలా తూలింది. నవ్వాపుకుంటూ తీసుకుపోయి తిరుపాలు చేతిలో పెట్టింది.

అంతలో లోపల చంటిబిడ్డ ఏడుపు వినిపించింది. తిరుపాలు ఉలిక్కిపడ్డాడు.

"ఇంట్లో బాలింత ఉండాదామ్మా?"

"ఉండాదప్పా, నా కూతురు."

అతను మోపెడ్ వైపు తిరిగాడు. బుట్టలో మిగిలింది ఒక్క పెట్ట, అన్నిట్లోకీ బలిసింది. దాన్ని ఆమె చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

జయమ్మ కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. కొత్త పెట్టని గుంజకి కట్టేసి, ఈకలు పీకడానికి నీళ్ళు మరగబెట్టి, ఎర్రకోడి మెడ పట్టుకుని కూర్చుంది.

వీధిలో మోపెడ్ మళ్ళీ వచ్చి ఆగింది. వెనక సంచిలో మత్తు దిగిన ముసలికోడి వీధి అదిరేలా అరుస్తోంది.

తిరుపాలు నేరుగా పెరట్లోకి దూసుకొచ్చాడు. "కత్తి కింద పెట్టమ్మా" అంటూనే ఎర్రకోడిని లాక్కున్నాడు.

"దొంగ! నా కోడి ఎత్తుకుపోతాండాడు!" అని జయమ్మ కేకేసింది.

ఇక చూడాలి గలాటా. అంతసేపూ అతని కోళ్ళు పుచ్చుకున్నవాళ్ళే అతని మీద పడ్డారు. రోగం కోళ్ళన్నీ మాంసం వండే మిలిటరీ హోటల్ బిర్యానీకి అమ్ముకుంటాడని ఎవరో అన్నారు, అది అందరికీ నిజమైపోయింది. తువ్వాలు చిరిగింది, పెదవి చిట్లింది. అతను మాత్రం కోడిని కడుపు కింద పెట్టుకుని ముడుచుకున్నాడు.

"నన్ను కొట్టండి. దీన్ని మాత్రం ముట్టొద్దండి."

ఎలాగో తప్పించుకుని, ఎర్రకోడితో సహా మోపెడ్ ఎక్కి పోయాడు. హోటల్ దగ్గరే పట్టుకుని నాలుగు తగిలిస్తానని పిల్లప్ప సైకిల్ మీద వెంటపడ్డాడు.

జయమ్మకి నిలకడ లేదు. మనవణ్ణి ఒళ్ళో వేసుకుని, అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతివాళ్ళకీ కథంతా మొదట్నుంచి చెప్పింది. తను గెలిచిందన్న సంతోషం మొహమంతా ఉంది.

పొద్దు వాలాక పిల్లప్ప వచ్చాడు. నేరుగా కొళాయి దగ్గరికి పోయి, సబ్బు పెట్టి చేతులు రుద్దుకున్నాడు. కడుక్కుని మళ్ళీ రుద్దుకున్నాడు.

"ఏ హోటలప్పా?" అంది జయమ్మ ఆత్రంగా.

"హోటల్ లేదు, ఏమీ లేదు. రాజానుకుంట దాటినాక కోళ్ళషెడ్డు ఉండాది వానిది. వెనక పెద్ద గొయ్యి తీసి, మనం ఇచ్చినవన్నీ సున్నం పోసి పూడ్చినాడు. నేను పోయేసరికి సున్నం ఇంకా తడిగానే ఉండాది. షెడ్డులో ఒక్క కోడి లేదు. నీకిచ్చిందే ఆఖరు."

"ఆ మనిషో?"

"తాళంచెవి పక్కవాళ్ళకిచ్చి యాడికో ఎళ్ళిపోయినాడంట. ఇంక రాడంట."

గుంజకి కట్టిన పెట్ట కొక్కొక్కో అంది.

"బిడ్డని రమ్యకిచ్చి, నువ్వూ పోయి చేతులు కడుక్కో" అన్నాడు పిల్లప్ప.

జయమ్మకి ఏదో భయం పట్టుకుంది. బిడ్డని లోపలికిచ్చి వచ్చి, "ఇంతకీ ఎవరప్పా వాడు?" అంది.

పిల్లప్ప తన చేతుల వంకే చూసుకుంటూ చెప్పాడు.

"పొద్దున భాగీరథమ్మ చెప్పలా, జ్వరమొచ్చి పోయిన పడుచు... చచ్చేలోగా కోసెయ్యమని ఆ కోడిని ఆమె చేతికిచ్చిన మొగుడు."